పీకల్లోతు నీళ్ళు అక్కర్లేదు: ఇంట్లో రోజూ సాగే గాత్ర సాధన

పాత తరం విద్వాంసుల గురించి మనం వింటూ పెరిగిన కథ ఒకటుంది. తెల్లవారుజామున మూడింటికే లేచి, ఏటికో చెరువుకో వెళ్ళి, పీకల్లోతు నీళ్ళలో నిలబడి గంటల తరబడి పాడేవారట. వింటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. కానీ పెద్దయ్యాక సంగీతం మొదలుపెట్టిన చాలామందిని దెబ్బతీసేది కూడా ఆ కథే. సాధన అంటే గంటలు లెక్కపెట్టడం, గొంతు నొప్పి పుట్టేదాకా పాడటం అని మనసులో నాటుకుపోతుంది. ఒక వారం ఆవేశంగా పాడతాం. గొంతు బొంగురుపోతుంది. "ఈ వయసులో మనకి రాదులే" అనుకుని శ్రుతిపెట్టె అటకెక్కిస్తాం.

నా అనుభవమూ అదే. బడిలో పాఠాలు చెప్పే ఉద్యోగం నాది. నలభై దాటాక సంగీతంలో చేరాను. మొదటి దసరా సెలవుల్లో, ఎలాగూ బడి లేదు కదా అని పొద్దున గంట, సాయంత్రం గంట కూర్చున్నాను. తారషడ్జం (పై స్థాయి 'స') అందడం లేదని దాని మీదే పట్టుబట్టి, మెడ నరాలు ఉబ్బేలా పాడాను. పదో రోజుకి మాట కూడా సరిగా రాలేదు. ఈఎన్‌టీ డాక్టరు గొంతులోకి కెమెరా పెట్టి తెర మీద చూపించారు. తెల్లగా, నున్నగా ఉండాల్సిన రెండు స్వరతంతువుల అంచులు ఎర్రగా వాచి ఉన్నాయి. ఆయన రెండు ప్రశ్నలు అడిగారు. బడిలో రోజుకి ఎన్ని పీరియడ్లు చెప్తారు? పాట మొదలుపెట్టే ముందు గొంతుకి ఏం చేస్తారు? మొదటిదానికి ఆరు అని చెప్పాను. రెండోదానికి నా దగ్గర జవాబు లేదు.

ఆ రెండో ప్రశ్న పట్టుకుని వెళ్తే నాకు తెలిసొచ్చింది ఇది: గొంతును సిద్ధం చేసుకోవడం వేరు, సాధన చేయడం వేరు. మనం రెండింటినీ కలిపి సాధన అనేస్తాం. సిద్ధం చేసుకోవడం ఇవాళ్టి పని. రాత్రంతా పడుకుని లేచిన గొంతును, లేదా పగలంతా అరిచి అలిసిన గొంతును, పాడగలిగే స్థితికి తీసుకురావడం. సాధన రేపటి పని. చెవికి స్వరం పట్టించడం, ఆ స్వరాన్ని గొంతు వెతుక్కోకుండా అందుకునేలా అలవాటు చేయడం. మొదటిది చేయకుండా రెండోది చేస్తే గొంతు పాడవుతుంది. మొదటిది మాత్రమే చేస్తే గొంతు హాయిగా ఉంటుంది కానీ పాట రాదు.

గొంతులో జరిగేది

1854లో మాన్యుయెల్ గార్సియా అనే స్పెయిన్ సంగీత గురువు, పంటి డాక్టర్లు వాడే చిన్న అద్దాన్ని నోట్లో పెట్టుకుని, ఇంకో అద్దంతో ఎండను దాని మీదకి మళ్ళించి, తన గొంతులో స్వరతంతువులు కదలడం తనే చూశాడు. మరుసటి ఏడాది ఆ వివరాలను లండన్‌లోని రాయల్ సొసైటీకి సమర్పించాడు. ఆయన డాక్టరు కాదు, పాట నేర్పే మాస్టారు. పాట ఎక్కడ పుడుతుందో కళ్ళతో చూడాలన్న తపన ఒక గాయకుడికే కలగడం నాకెప్పుడూ గొప్పగా అనిపిస్తుంది.

ఆయన చూసిన ఆ తంతువులు నిజానికి తీగలు కావు. స్వరపేటికలో, శ్వాసనాళం పైకొసన, ఎదురెదురుగా ఉండే రెండు చిన్న మడతలు. పొడవు మహా అయితే రెండున్నర సెంటీమీటర్లు. మామూలుగా ఊపిరి తీసుకునేటప్పుడు విడిపోయి ఉంటాయి. పాడేటప్పుడు దగ్గరకొస్తాయి, ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలి వాటిని తోసుకుంటూ వెళ్తుంది, అవి విడిపోయి మళ్ళీ మూసుకుంటాయి. ఇలా సెకనుకి ఎన్నిసార్లు జరిగితే అంత శ్రుతి.

ఒక లెక్క వేద్దాం. ఐదు శ్రుతిలో (హార్మోనియంలో ఐదో తెల్ల మెట్టును 'స'గా పెట్టుకుని) పాడే ఆడవాళ్ళకి మధ్యస్థాయి షడ్జం దగ్గర తంతువులు సెకనుకి సుమారు 196 సార్లు కలుసుకుంటాయి. మంద్ర పంచమం (కింది స్థాయి 'ప') దగ్గర 147 సార్లు. తారషడ్జం దగ్గర 392 సార్లు. అంటే తారషడ్జాన్ని వరసగా పది నిమిషాలు పాడితే 2,35,200 సార్లు ఆ సున్నితమైన అంచులు ఒకదానికొకటి తగులుతాయి. అదే పది నిమిషాలు మంద్ర పంచమంలో పాడితే 88,200 సార్లు. పైగా శ్రుతి పెరిగేకొద్దీ గొంతు ముందు భాగంలోని ఒక చిన్న కండరం ఆ మడతలను సాగదీసి పలచన చేయాలి. సిద్ధంగా లేని కండరం ఆ పని సరిగా చేయలేదు. అప్పుడు మనం మెడ బిగించి, గాలి ఎక్కువ తోసి, బలవంతంగా పైకి ఎక్కుతాం. తగలడం కాస్తా గుద్దుకోవడం అవుతుంది. ఆ దసరా సెలవుల్లో నేను చేసింది సరిగ్గా ఇదే.

తెల్లవారి మంద్రం ఎందుకు

ఇప్పుడు పెద్దల మాట దగ్గరకొద్దాం. ఉదయం పూట మంద్రస్థాయి సాధన చేయమంటారు. హిందుస్తానీ వాళ్ళు కూడా దీన్నే ఖరజ్ సాధన అంటారు. ఎందుకని అడిగితే "గొంతుకి గంభీరత వస్తుంది" అనే జవాబే ఎక్కువగా వినిపిస్తుంది. శరీరం వైపు నుంచి ఇంకో కారణం ఉంది. రాత్రంతా పడుకుని ఉండటం వల్ల తంతువుల్లోకి కొంచెం నీరు చేరి అవి స్వల్పంగా ఉబ్బుతాయి. బరువెక్కిన మడతలు మెల్లగా కదులుతాయి. నిద్ర లేవగానే మన గొంతు లావుగా, కిందికి దిగినట్టు వినిపించేది అందుకే. ఆ సమయంలో మంద్రస్వరాలు మామూలు కంటే తేలిగ్గా పలుకుతాయి, పై స్వరాలు మొరాయిస్తాయి. ఉన్న గొంతుతో తగిన పని చేయించడమే మంద్ర సాధన. తెల్లవారుజామున లేచి నేరుగా తారస్థాయి కృతి అందుకోమని ఏ గురువూ చెప్పరు.

ఇందులో ఒక షరతు ఉంది. మంద్రంలో కూడా గొంతును కిందికి నొక్కి, గరగరలాడించి పాడకూడదు. స్వరం ఎక్కడిదాకా స్పష్టంగా పలికితే అక్కడిదాకానే వెళ్ళాలి. అంతకంటే కింది స్వరం ఇవాళ లేకపోతే లేదు.

నీళ్ళలో నిలబడే కథ సంగతి కూడా చెప్పుకుందాం. ఛాతీ దాకా నీళ్ళుంటే ఆ ఒత్తిడికి ఊపిరి లోపలికి లాగడం కష్టమవుతుంది. శ్వాస మీద పట్టు కోసం చేశారేమో అని ఊహించవచ్చు. మనకది అవసరం లేదు. నిటారుగా కూర్చుని, భుజాలు పైకి లేవకుండా, పొట్ట ముందుకు వచ్చేలా ఊపిరి తీసుకుంటే చాలు. "నాభి నుంచి పాడు" అని గురువులు అనేది ఈ సంగతే. గాలి ఉండేది ఊపిరితిత్తుల్లోనే. వాటి కింద గొడుగులా ఉండే కండరం దిగినప్పుడు పొట్ట ఉబ్బుతుంది, అది నెమ్మదిగా పైకి వచ్చేటప్పుడు గాలి సమంగా బయటికి వెళ్తుంది. "స్స్స్" అంటూ సన్నగా, ఎగుడుదిగుడు లేకుండా పదిహేను సెకన్లు గాలి వదిలి చూడండి. ముందే అయిపోతే మొదట్లోనే ఎక్కువ వదిలేస్తున్నారని అర్థం. రోజుకి నాలుగైదు సార్లు చేస్తే కొన్ని వారాల్లో తేడా మీకే తెలుస్తుంది.

మొదటి ఐదు నిమిషాలు

పాటకి ముందు గొంతును లేపే పద్ధతులు ఎన్నో ఉన్నాయి. నేను మూడే చేస్తాను, మూడింటి వెనుకా ఉన్న సూత్రం ఒకటే. నోటిని సగం మూసి పాడితే గాలి బయటికి పోయే దారి ఇరుకై, కొంత ఒత్తిడి వెనక్కి తంతువుల మీదకి వస్తుంది. ఆ ఒత్తిడి తంతువుల్ని మెత్తటి దిండులా కాచుకుంటుంది. అవి కదులుతాయి గానీ గట్టిగా కొట్టుకోవు.

మొదటిది పెదాలు మూసి "మ్మ్మ్" అని ఝుంకారం చేయడం. ఓంకారం చివరి మకారం లాగా. దంతాలు తాకకుండా దవడ వదులుగా ఉంచి, ముక్కు దగ్గరా పెదాల దగ్గరా సన్నటి కంపన తెలిసేలా చేయాలి. రెండోది చిన్నపిల్లలు బస్సు ఆట ఆడుతూ పెదాలు ఆడిస్తూ "బుర్ర్ర్" అంటారే, అది. ఆ బుర్రులోనే షడ్జం నుంచి పంచమానికి జారి మళ్ళీ కిందికి రావాలి. గాలి ఎక్కువైనా తక్కువైనా పెదాలు ఆగిపోతాయి కాబట్టి ఊపిరి సమంగా ఉందో లేదో పెదాలే చెప్పేస్తాయి. మూడోది స్ట్రా. అమెరికాలో గొంతు మీద దశాబ్దాలుగా పరిశోధన చేసిన ఇంగో టిట్జె అనే శాస్త్రవేత్త వల్ల ఇది బాగా వ్యాప్తిలోకి వచ్చింది. కూల్‌డ్రింక్ తాగే మామూలు స్ట్రా పెదాల మధ్య పెట్టుకుని, గాలి పక్కల నుంచి పోకుండా, అందులోంచి "ఊ" అని పాడాలి. గ్లాసులో నీళ్ళు పోసి స్ట్రా కొస రెండు వేళ్ళ లోతు ముంచి పాడితే బుడగలు వస్తాయి. బుడగలు ఒకే తీరుగా వస్తున్నాయంటే ఊపిరి బాగున్నట్టే.

మా ఇంట్లో దీనివల్ల ఇంకో మేలు జరిగింది. అపార్ట్‌మెంట్లో ఐదున్నరకి గొంతెత్తితే పక్కింటివాళ్ళు నిద్ర లేస్తారేమో అన్న టెన్షన్ ఉండేది. స్ట్రాలో పాడితే పక్క గదిలోకి కూడా వినపడదు.

అసలు చిక్కు శ్రుతి దగ్గర

ఎంతసేపు పాడాలి అని అందరూ అడుగుతారు. ఏ శ్రుతిలో పాడాలి అని తక్కువమంది అడుగుతారు. కానీ నష్టమంతా అక్కడే జరుగుతుంది. బృందంలో చేరితే బృందం శ్రుతిలో, గురువు ఆడవారైతే ఆమె శ్రుతిలో, సినిమా పాటైతే రికార్డులో ఉన్న శ్రుతిలో పాడేస్తాం. మన గొంతు కొలత వేరే.

మగవాళ్ళకి సాధారణంగా ఒకటి నుంచి రెండు, ఆడవాళ్ళకి నాలుగున్నర నుంచి ఆరు శ్రుతుల మధ్య కుదురుతుంది. చూసుకునే పద్ధతి తేలిక. ఒక శ్రుతి పెట్టుకుని, కిందికి మంద్ర పంచమం దాకా దిగాలి. అది వినపడేలా, గరగర లేకుండా పలకాలి. పైకి తార గాంధారం దాకా ఎక్కాలి. గడ్డం పైకి లేవకుండా, మెడ బిగుసుకోకుండా అందాలి. చాలా కృతులకి ఈ మేర సరిపోతుంది. పైన ఇబ్బందైతే అర శ్రుతి తగ్గించండి, కింద అందకపోతే అర శ్రుతి పెంచండి. ఇది ఒక్కరోజులో తేలదు. వారం రోజులు వేర్వేరు వేళల్లో చూసుకోవాలి.

మగపిల్లలకి గొంతు మారే వయసులో, అంటే సుమారు పన్నెండు నుంచి పదిహేనేళ్ళ మధ్య, ఈ కొలతే తలకిందులవుతుంది. గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి దిగిపోతుంది. ఆ సమయంలో పాత శ్రుతిలోనే పాడమని బలవంతం చేయడం, లేదా "గొంతు పోయింది" అని సంగీతం మాన్పించడం, రెండూ పిల్లవాడికి అన్యాయమే. శ్రుతి మార్చుకుంటూ, తక్కువ మేరలో, మెల్లగా పాడించాలి.

సినిమా పాటలు ఇష్టంగా పాడేవాళ్ళు కరియోకె ట్రాక్ శ్రుతిని తమకు తగ్గట్టు తగ్గించుకోవాలి. చాలా యాప్‌లలో ఆ సౌకర్యం ఉంది. తగ్గించి పాడటం చిన్నతనం ఏమీ కాదు. ఆ పాటను ఆ గాయకుడి గొంతు కోసం కట్టారు, మీ గొంతు కోసం కాదు.

ఫోన్‌లో తంబూరా యాప్ వాడేవాళ్ళకి ఒక మాట. ఫోన్ చిన్న స్పీకర్లో కింది నాదాలు సరిగా రావు. తంబూరాలో చివర మీటే మంద్రషడ్జం దాదాపు మాయమైపోతుంది, మిగిలిన సన్నటి మోత మీద మనం శ్రుతి కలుపుతున్నామని భ్రమపడతాం. కొంచెం పెద్ద స్పీకర్‌కి కలపండి, లేదా ఒక చెవిలోనే ఇయర్‌ఫోన్ పెట్టుకుని రెండో చెవితో మీ గొంతు వినండి.

సరళీ స్వరాల్లో దాగిన క్రమం

పురందరదాసు (1484–1564) ఏర్పరిచారని మన సంప్రదాయం చెప్పే ప్రాథమిక పాఠాలు ఇప్పటికీ అవే: సరళీ స్వరాలు, జంట స్వరాలు, దాటు స్వరాలు, అలంకారాలు. రాగం మాయామాళవగౌళ. పెద్దవాళ్ళకి ఇవి త్వరగా విసుగొస్తాయి. కీర్తన ఎప్పుడు చెప్తారా అని చూస్తారు. నేనూ చూశాను. గొంతు దెబ్బతిన్నాక మళ్ళీ మొదటికి వచ్చినప్పుడే వాటి అమరిక అర్థమైంది.

సరళీ స్వరాల్లో మొదటి వరసలు పక్క మెట్టు మీదకే నడుస్తాయి. గొంతు ఎక్కడా ఎగిరి దూకక్కర్లేదు. జంట స్వరాల్లో రెండో స్వరాన్ని ఒత్తి పలకాలి. అక్కడ బలం అడుగుతుంది. దాటు స్వరాల్లో మెట్లు వదిలి గెంతాలి. అక్కడ గురి అడుగుతుంది. అంటే తేలిక నుంచి బరువుకి వెళ్ళే దారి ఆ పాఠాల్లోనే ఉంది. సిద్ధం చేయని గొంతుతో నేరుగా జంట స్వరాలు అందుకుంటే ఆ ఒత్తు అంతా గొంతు మీద పడుతుంది. మాయామాళవగౌళ కూడా ఊరికే పెట్టింది కాదు. షడ్జం నుంచి మధ్యమం దాకా స్వరాల మధ్య ఎంత ఎడం ఉందో, పంచమం నుంచి తారషడ్జం దాకా సరిగ్గా అంతే ఎడం ఉంటుంది. కింద నేర్చుకున్న కొలతే పైన పనికొస్తుంది.

మూడు కాలాల (అంటే మూడు వేగాల) గురించి ఒక పొరపాటు అందరం చేస్తాం. మూడో కాలం వస్తేనే వచ్చినట్టు అనుకుంటాం. సెకనుకి ఒక దెబ్బ చొప్పున ఎనిమిది దెబ్బల ఆదితాళం వేస్తే, మొదటి కాలంలో "స రి గ మ ప ద ని స" ఎక్కడానికి ఎనిమిది సెకన్లు పడుతుంది. ఒక్కో స్వరం మీద ఒక నిండు సెకను నిలబడాలి. ఊపిరి వణికినా, స్వరం జారినా దాచుకోలేం. మూడో కాలంలో ఆ ఎనిమిది స్వరాలూ రెండే సెకన్లలో దొర్లిపోతాయి, తప్పులు వాటితోపాటే దొర్లిపోతాయి. నా మట్టుకు సాధనలో సగం సమయం మొదటి కాలానికే ఇస్తాను.

తర్వాత అకారం. స రి గ మ ప ద ని అన్నప్పుడు ప్రతి స్వరానికీ ముందు ఒక హల్లు ఉంటుంది, దాన్ని ఆసరా చేసుకుని స్వరం మీదకి ఎక్కుతాం. "ఆ" అని పాడితే ఆ ఆసరా పోతుంది. చెవి, గొంతు రెండే మిగులుతాయి. అకారంలో సరిగా పలికితేనే ఆ స్వరం నిజంగా మనదైనట్టు. ఏడు స్వరాల పేర్లలో అకారం ఐదింటికి, ఇకారం రెండింటికి మాత్రమే వస్తుంది. కాబట్టి ఈ, ఊ, ఓ లతో కూడా అదే వరస పాడితే సాహిత్యం వచ్చినప్పుడు గొంతు తడబడదు.

నా ఇరవై ఐదు నిమిషాలు

ఇప్పుడు నేను చేసేది ఇంతే. ముందు ఐదు నిమిషాలు ఝుంకారం, బుర్రు, స్ట్రా. తర్వాత ఐదు నిమిషాలు మధ్య షడ్జం నుంచి మంద్ర పంచమం దాకా ఒక్కో స్వరం మీద ఊపిరి ఉన్నంతసేపు నిలబడటం. పది నిమిషాలు సరళీ, జంట, ఒక అలంకారం, కొంత స్వరంగా, కొంత అకారంగా. మూడు నాలుగు నిమిషాలు ఏదైనా గీతం. చివర ఒక నిమిషం మళ్ళీ ఝుంకారంతో పై నుంచి కిందికి జారి ఆపేస్తాను. పాడి లేచిన వెంటనే పిల్లల మీద కేకలేయకుండా ఉండటం కూడా ఇందులో భాగమే.

వారానికి ఆరు రోజులు ఇంతే చేస్తే, ఆదివారం మాత్రమే రెండు గంటలు పాడిన దానికంటే చాలా ముందుకు వెళ్తాం. గొంతు నేర్చుకునేది కండరం నేర్చుకునే తీరులో. కొంచెం చేయడం, నిద్రపోవడం, మళ్ళీ చేయడం. వేళ ఎప్పుడన్నది రెండో విషయం, రోజూ ఒకటే వేళ కావడం ముఖ్యం. నేను కుక్కర్ పొయ్యి మీద పెట్టగానే శ్రుతి వేస్తాను. ఆ రెండూ ముడిపడ్డాక మర్చిపోవడం లేదు. నాలాగా పగలంతా మాట్లాడే ఉద్యోగాలున్నవాళ్ళు, టీచర్లు, కాల్ సెంటర్లలో పనిచేసేవాళ్ళు, దుకాణాల్లో కూర్చునేవాళ్ళు సాయంత్రం సాధన పెట్టుకోకపోవడమే మేలు. ఆ రోజు గొంతు చేయగలిగినంత అప్పటికే చేసేసింది. తప్పదనుకుంటే స్ట్రా, మంద్రం వరకే ఉంచుకోవాలి.

వారానికి ఒకసారి ఒక నిమిషం ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఎప్పుడూ అదే వరస, అదే శ్రుతి. రోజువారీ తేడా మనకి వినపడదు. మూడు నెలల కిందటి రికార్డు పక్కన పెట్టి వింటే వినపడుతుంది.

డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉండి రాజమండ్రిలోని గురువు దగ్గర ఆన్‌లైన్‌లో నేర్చుకునే మన పిల్లలు ఇప్పుడు చాలామంది. అక్కడ ఒక చిక్కుంది. శబ్దం చేరడానికి పట్టే చిన్న ఆలస్యం వల్ల గురువూ శిష్యులూ కలిసి పాడలేరు, విని తిరిగి పాడటమే. పైగా మీటింగుల కోసం చేసిన యాప్‌లు తంబూరా మోతను ఫ్యాన్ శబ్దంలాంటిదే అనుకుని తొలగించేస్తాయి. జూమ్‌లో ఒరిజినల్ సౌండ్ అనే సెట్టింగ్ ఉంది, క్లాసుకి ముందు అది పెట్టుకోవాలి. ఎంత చేసినా క్లాసు సాధనకి బదులు కాదు. శ్రుతిలో కలవడం పిల్లవాడు ఒంటరిగా తంబూరా ముందు కూర్చున్నప్పుడే నేర్చుకుంటాడు.

కరక్కాయ, మిరియాలు, నీళ్ళు

గొంతు కోసం పాలల్లో మిరియాలు, పటికబెల్లం, అతిమధురం, బుగ్గన కరక్కాయ ముక్క మన ఇళ్ళలో అందరూ చెప్పేవే. హాయిగా ఉంటే తీసుకోండి. కానీ మింగినది ఏదీ తంతువుల మీద పడదు. పడితే పొలమారుతుంది. తిన్నదీ తాగినదీ వెనకనున్న అన్నవాహికలోకి పోతుంది. కరక్కాయ నోట్లో లాలాజలం ఊరేలా చేసి ఎండిన గొంతుకి ఉపశమనం ఇస్తుంది, అంతవరకు. నీళ్ళయినా అంతే. పాడే ముందు గటగటా తాగిన గ్లాసు నీళ్ళు వెంటనే తంతువులకి చేరవు. ఒళ్ళంతా తడి ఉంటేనే వాటికీ తడి అందుతుంది, కాబట్టి నీళ్ళు రోజంతా తాగుతూ ఉండాలి. తంతువుల దాకా నేరుగా వెళ్ళేది ఆవిరి ఒక్కటే. ఏసీ గదుల్లో పనిచేసేవాళ్ళకి అది బాగా పనికొస్తుంది.

రాత్రి పొద్దుపోయి కారంగా తిని వెంటనే పడుకుంటే పులితేన్పులతో పైకి వచ్చే ఆమ్లం తంతువుల్ని మండిస్తుంది. పొద్దున గొంతు గరగరలాడటానికి ఇది కారణమని చాలామందికి తోచదు. అలాగే మాటిమాటికీ గొంతు సవరించుకోవడం. అలా సవరించుకున్న ప్రతిసారీ తంతువుల్ని గట్టిగా గుద్దించడమే. ఒక గుక్క నీళ్ళు మింగితే అదే పని జరుగుతుంది.

జలుబు చేసి గొంతు బొంగురుగా ఉన్న రోజు పాడకూడదు. సాధన మానకూడదనుకుంటే తాళం వేస్తూ మనసులో పాడుకోవచ్చు, నేర్చుకోబోయే కృతి పదిసార్లు వినవచ్చు, స్వరం రాసుకోవచ్చు. గుసగుసగా పాడటం మాత్రం వద్దు, అది బొంగురు గొంతుకి విశ్రాంతి ఇవ్వదు. బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకి చూపించుకోవాలి, కషాయాలతో నెట్టుకురావద్దు. తగ్గి మళ్ళీ కూర్చున్న మొదటి రోజు స్ట్రాలో ఐదు నిమిషాలు, మంద్రంలో ఐదు నిమిషాలు. ఆ రోజుకి అంతే. తారషడ్జం వారం ఆగుతుంది.